పాటకు అర్థం పెట్టేది వినేవాళ్లే

పాత పాటల్లో సాహిత్యం ఉండేది, ఇప్పటివన్నీ చప్పుడే అని కొందరు, కాదు ఇప్పటి సౌండే గొప్పదని ఇంకొందరు, మళ్లీ అదే గొడవ. రెండు వర్గాలూ ఒకే పొరపాటు చేస్తున్నాయి. పాట విలువంతా కాగితం మీద, స్టూడియోలో తేలిపోతుందని నమ్ముతున్నాయి. వినేవాళ్లను లెక్కలోకే తీసుకోవడం లేదు.

మా నాన్నకు ఆపరేషన్ జరుగుతున్న రోజు బయట బెంచీ మీద నా పక్కన ఒక పెద్దాయన కూర్చున్నారు. ఆయన రింగ్‌టోన్ ఒక మాస్ డ్యాన్స్ పాట. చుట్టాలు వరసగా ఫోన్లు చేస్తున్నారు. మోగిన ప్రతిసారీ డప్పుల మోత, ఆయన కంగారుగా జేబులు తడుముకోవడం. నాకు చిరాకు నషాళానికి అంటింది. ఐదోసారో ఆరోసారో అది మోగుతుండగానే డాక్టర్ తలుపు తోసుకుని వచ్చి, మాస్క్ గడ్డం కిందికి లాగి, "గండం గడిచింది" అన్నారు. ఆ పాటలో చెప్పుకోదగ్గ లైను ఒక్కటీ లేదు. కానీ ఇప్పటికీ ఆ డప్పు ఎక్కడ వినబడినా నా గొంతు పూడుకుపోతుంది. రాసినాయన కలలో కూడా అనుకోని అర్థం అది.

ఇదేదో నా ఒక్కడి చాదస్తం కాదు. కాలిఫోర్నియా యూనివర్సిటీ (డేవిస్) పరిశోధకుడు పీటర్ జనాటా 2009లో ప్రచురించిన అధ్యయనంలో కొందరు విద్యార్థులకు వాళ్ల 8-18 ఏళ్ల నాటి హిట్ పాటల ముక్కలు వినిపించి మెదడును స్కాన్ చేశారు. సొంత జ్ఞాపకాలను తట్టిలేపిన పాటలకు నుదుటి వెనక ఉండే ఒక భాగం బాగా స్పందించింది. అల్జీమర్స్ అనే మతిమరుపు జబ్బులో ఆలస్యంగా దెబ్బతినే భాగాల్లో అదొకటి. ఇక టీనేజీ నుంచి ఇరవైల దాకా జరిగినవి మనకు మిగతా వయసు కంటే గట్టిగా గుర్తుంటాయి. "మా కాలం పాటలే పాటలు" అనే పెద్దవాళ్లు నిజానికి తలుచుకుంటున్నది తమ ఇరవయ్యో ఏటినే.

మరి రాసినవాళ్ల ఉద్దేశం మాటేమిటి అంటారు. 1983లో వచ్చిన 'ఎవ్రీ బ్రెత్ యూ టేక్' అనే ఇంగ్లిష్ పాట ఒక మనిషిని వెంటాడి కాపు కాసే అసూయ గురించినదని దాన్ని రాసి పాడిన బ్రిటిష్ గాయకుడు స్టింగే చెప్పాడు. అయినా ఎన్నో జంటలు దాన్ని పెళ్లి పాటగా పెట్టుకున్నాయి. వాళ్లకు అర్థం కాలేదని నవ్వేవాళ్లతో నేను ఏకీభవించను. దాన్ని వింటూ కాపురం మొదలుపెట్టినవాళ్లకు అది ప్రేమ పాటే. రసం పండేది సహృదయుడి, అంటే మనసు పెట్టి ఆస్వాదించేవాడి మనసులోనని కాశ్మీర అలంకారికుడు అభినవగుప్తుడు వెయ్యేళ్ల కిందటే తేల్చిన సంగతి ఇది.

నా అసలు భయం వేరే. పాట మనతో కాపురం చేయడానికి ఇప్పుడు టైమే ఇవ్వడం లేదు. ఒకప్పుడు చేతిలో ఉన్న నాలుగు క్యాసెట్లే అరిగేదాకా తిరిగేవి. పరీక్ష తప్పినా, ప్రేమలో పడినా అవే పాటలు, అందుకే అన్నీ వాటికి అంటుకునేవి. ఇప్పుడు పాటల యాప్ స్పాటిఫైలో 30 సెకన్లు వింటే చాలు, ఒకసారి విన్నట్టు లెక్కలో పడిపోతుంది. నచ్చిందో లేదో తేల్చుకునేలోపే వేలు తర్వాతి పాట మీదకు పోతుంది. పైగా 'బాధ', 'బ్రేకప్', 'ప్రశాంతత' అని ముందే పేర్లు పెట్టిన ప్లేలిస్టులు. మనం పెట్టుకోవాల్సిన అర్థాన్ని యాప్ అతికించి ఇస్తోంది. ఆపరేషన్ థియేటర్ బయట టెన్షన్‌తో కూర్చున్నవాడికి అది మెల్లని వేణువే వినిపిస్తుంది. డప్పుల పాట చచ్చినా ఇవ్వదు.

యాప్‌లో తర్వాతి పాటను దానంతటదే మోగించే ఆటోప్లే నేను తీసేసి నెలవుతోంది. వారానికి ఒక్క ఆల్బమ్, మళ్లీ మళ్లీ అదే.