నా తిరస్కరణ లేఖకి ఫ్రేమ్ కట్టించా

నేను ఒక మహా ప్రతిష్ఠాత్మకమైన యూనివర్సిటీకి సంబంధించిన మనిషిని. అంటే అక్కడ చదవలేదు. చదువుతానని అడిగాను, వాళ్లు వద్దన్నారు. ఒకే పేజీ ఉత్తరం, అందులో నా ఇంటిపేరులో ఒక అక్షరం తప్పు, 'ఈసారి అసాధారణ ప్రతిభ ఉన్నవాళ్లు చాలామంది దరఖాస్తు చేశారు' అని ఒక వాక్యం, కింద ఒక సంతకం (అదీ అచ్చేసిందే, తడివేలితో రుద్ది చూశా). ఇరవై ఏళ్లపాటు ఆ ఉత్తరాన్ని బీరువాలో బట్టల అడుగున పరువు తక్కువ వ్యవహారంలా దాచుకున్నా. మొన్న బయటికి తీసి, ఫ్రేమ్ కట్టించి, ఆఫీసులో నా కుర్చీ వెనక గోడకి తగిలించా. నాకేమీ మతి పోలేదు. కాస్త ఆర్థికశాస్త్రం చదివానంతే.

పెద్ద యూనివర్సిటీలో చదివితే కెరీర్ బాగుంటుందా అంటే లోకం మొత్తం 'అదేం ప్రశ్న, వాళ్ల జీతాలు చూడు, హోదాలు చూడు' అంటుంది. చూశాం. కానీ వాళ్లు అక్కడ చదవబట్టి బాగుపడ్డారా, ఎక్కడున్నా బాగుపడే రకాన్నే ఏరి అక్కడ కూర్చోబెట్టారా? సలసల కాగిన నీళ్లని ఫ్లాస్కులో పోసి, సాయంత్రం మూత తీసి ఆవిరి చూపించి, 'మా ఫ్లాస్కు నీళ్లని ఎంత బాగా కాచిందో!' అంటే ఎలా ఉంటుందో, ఆ ప్రాస్పెక్టస్‌లలో ఫొటోలు నాకు అలా ఉంటాయి.

ఈ సంగతి తేల్చాలని స్టేసీ డేల్, అలన్ క్రూగర్ అనే ఇద్దరు పరిశోధకులు అమెరికాలో కూర్చుని లెక్కలు కట్టారు. 2002లో అచ్చైన వాళ్ల పేపర్ సారాంశం ఏమిటంటే, ఒకే స్థాయి కాలేజీలకి దరఖాస్తు పెట్టి ఒకేలాంటి జవాబులు అందుకున్న పిల్లల్ని పక్కపక్కన పెట్టి చూస్తే, పెద్దచోట చేరినవాళ్లకీ, మామూలు చోట చేరినవాళ్లకీ సంపాదనలో సగటున చెప్పుకోదగ్గ తేడా లేదు. తర్వాత చేసిన పరిశీలనలో ఇంకో ముక్క తేలింది, నా జీవితం మారింది అక్కడే: ఎంత పెద్ద కాలేజీకి దరఖాస్తు పెట్టాడన్నది, వాళ్లు పొమ్మన్నా సరే, ఆ మనిషి రేపటి సంపాదనని బాగానే పట్టిస్తుందట. స్టీవెన్ స్పీల్‌బర్గ్‌ని సదరన్ కాలిఫోర్నియా యూనివర్సిటీ సినిమా కోర్సులో చేర్చుకోలేదు. తర్వాత ఆయన అదే యూనివర్సిటీకి ట్రస్టీ అయ్యాడు. ఆయనకీ నాకూ పోలిక ఇంతవరకే, ట్రస్టీ సంగతి ఇంకా తేలాల్సి ఉంది.

కాబట్టి నా రెజ్యూమెలో 'విద్య' అన్నచోట, చదివిన కాలేజీ పైన, 'దరఖాస్తుదారుడు (తిరస్కృతుడు)' అని యూనివర్సిటీ పేరుతో సహా రాశా. ఇంటర్వ్యూలో ఎదుటి అబ్బాయి ఆ గీతమీద పెన్ను ఆనించి, 'సార్, ఇది...' అని ఆగాడు. క్రూగర్ గురించి ఐదు నిమిషాలు చెప్పా. నీళ్లు తాగమన్నాడు.

డేల్, క్రూగర్‌ల ఆ తర్వాతి పరిశీలనలోనే ఒక మినహాయింపు కూడా ఉంది, పెద్దవాళ్లు దాన్ని గబగబా దాటేస్తారు. తల్లిదండ్రులు పెద్దగా చదువుకోని ఇళ్ల పిల్లలకీ, నల్లజాతి పిల్లలకీ, హిస్పానిక్ (స్పానిష్ మాట్లాడే దేశాల మూలాలున్న) పిల్లలకీ మాత్రం పెద్ద కాలేజీ నిజంగానే పనికొచ్చిందట. మరి సీట్లు ఎవరికి ఎక్కువ దొరుకుతున్నాయి? మందు ఎవరికి పనిచేస్తుందో సరిగ్గా వాళ్లకి చుక్క విదిల్చి, ఒంట్లో ఏ జబ్బూ లేనివాళ్లకి సీసాలకి సీసాలు పోస్తున్నారన్నమాట.

నా ఆనందం ఎంతోకాలం నిలవలేదు. 2023లో రాజ్ చెట్టి, డేవిడ్ డెమింగ్, జాన్ ఫ్రీడ్‌మన్ అనే ముగ్గురు ఆర్థికవేత్తలు బయల్దేరారు. హార్వర్డ్, స్టాన్‌ఫర్డ్ లాంటి 12 సంస్థల్ని తీసుకుని, వాటిలో కొన్నింటి వెయిటింగ్ లిస్టులో ఉండి సీటొచ్చినవాళ్లనీ, రానివాళ్లనీ పోల్చారు. సగటు సంపాదనలో పెద్ద తేడా లేదన్నారు, అంతవరకు బానే ఉంది. కానీ సంపాదనలో అందరికన్నా పైనున్న ఒక్కశాతంలోకి చేరే అవకాశం దాదాపు సగం మేర పెరుగుతుందట, పేరుమోసిన సంస్థల్లో ఉద్యోగం దొరికే అవకాశం దాదాపు మూడింతలవుతుందట. పైగా ఒకే మార్కులున్నా, మధ్యతరగతి పిల్లలకన్నా ఆ ఒక్కశాతం ఇళ్ల పిల్లలు వీటిల్లో చేరే అవకాశం రెట్టింపు కంటే ఎక్కువ. చిలీలో సేత్ జిమ్మర్‌మన్ అనే ఇంకో ఆర్థికవేత్త చూసినప్పుడైతే మరీ చోద్యం: పేరున్న బిజినెస్ కోర్సుల్లో చేరితే పెద్ద పదవులు దొరుకుతున్న మాట నిజమే, కానీ ఖరీదైన ప్రైవేటు స్కూళ్లలో చదివొచ్చిన మగపిల్లలకే. పక్క బెంచీలో అదే పాఠం విన్న అమ్మాయికి ఆ లాభం అందలేదు. పాఠం వినడంలో ఆ అమ్మాయి ఏదో పొరపాటు చేసి ఉంటుంది, ఇంకేం కారణం ఉంటుంది చెప్పండి!

అసలు పాఠానికి దీంతో సంబంధమే లేకపోవచ్చని మైకేల్ స్పెన్స్ అనే ఆర్థికవేత్త 1973లోనే రాశాడు. చదువు ఏమీ నేర్పకపోయినా, 'వీడు గట్టివాడు' అని యజమానికి చెప్పే ముద్రగా పనికొస్తుందని ఆయన వాదన. 2001లో నోబెల్ కూడా ఇచ్చారు. ముద్ర ఎంత విలువైందంటే, 2019లో అమెరికాలో బయటపడ్డ కుంభకోణంలో కొందరు శ్రీమంతులు పడవ తెడ్డు ఏనాడూ పట్టని పిల్లల్ని ఆ పోటీల క్రీడాకారులని చెప్పి సీట్లు కొని జైలుకెళ్లారు. డబ్బు, ఇల్లు, పరిచయాలు అన్నీ ఉన్నవాళ్లు దేనికోసం అంత తెగించారో అడిగితే అన్యాయం. పిల్లలు బాగా చదువుకోవాలనే, పాపం.

నేను మాత్రం నా సిద్ధాంతం వదల్లేదు. ఒక్క తిరస్కరణతో ఇంత దూరం వచ్చినప్పుడు మరికొన్ని ఉంటే ఇంకెక్కడికి పోతానో! అందుకని ఈ ఏడాది, నలభై దాటాక, ఆ పన్నెండింటికీ దరఖాస్తులు పెట్టా. ఇప్పుడంతా ఈమెయిలే, ఎవరూ కాగితం పంపడం లేదు, ప్రింటు తీసుకోవాల్సి వస్తోంది. పదకొండు వచ్చాయి, పేరులో తప్పుల్లేకుండా. పన్నెండోవాళ్ల దగ్గర్నుంచి మూడు వారాలుగా ఉలుకూ పలుకూ లేదు. రోజూ పడుకునే ముందు ఒకసారి, లేవగానే ఒకసారి మెయిల్ తెరుస్తున్నా. టెన్షన్‌గా ఉంది. కొంపదీసి సీటిచ్చేస్తారేమో.