జేబుల్లేని సర్కారు

తిరుమల పరకామణిలో శ్రీవారి కానుకలు లెక్కించేవారు జేబుల్లేని పంచెతోనే కూర్చోవాలన్న నియమాన్ని తిరుపతి కలెక్టరేటు మొదలు ఢిల్లీ సచివాలయం దాకా ప్రతి కార్యాలయంలోనూ వెంటనే అమలు చేయాలని, దేశభద్రత మీద మమకారంతో విన్నవించుకుంటున్నాను. పరకామణిలోనే 2023లో డాలర్ల చోరీ జరిగింది కదా అని మా ఊరివాళ్లు గుర్తు చేస్తారు. నిజమే, కానీ ఆ కేసు అప్పట్లో లోక్ అదాలత్‌లో రాజీ అయింది. దేవుడి సొమ్ముకు రాజీ ఉంటుంది, ప్రభుత్వ కాగితానికి ఉండకూడదు.

ఈ విషయంలో అమెరికాను చూసి నేర్చుకోవాలి. రియాలిటీ విన్నర్ అనే ఉద్యోగిని ఒకే ఒక రహస్య నివేదికను మేజోళ్లలో దాచి బయటికి తెచ్చినందుకు 2018లో 63 నెలల శిక్ష వేశారు. బాగ్దాద్‌లో హెలికాప్టర్ నుంచి మనుషుల్ని కాల్చిన దృశ్యంతో పాటు లక్షల పత్రాలు బయటపెట్టిన చెల్సియా మానింగ్ అనే సైనికురాలికి 35 ఏళ్లు వేశారు. ఒబామా శిక్ష తగ్గించబట్టి ఆమె 2017లో విడుదలైంది. కాల్చినవారి మీద కేసు లేదు. చూపించడమే నేరమని ఇంత స్పష్టంగా మరెవరు చెప్పగలరు?

మనమూ తక్కువేం కాదు. తెల్లదొరలు తమ గుట్టు మనకు తెలియకుండా 1923లో చేసుకున్న అధికార రహస్యాల చట్టాన్ని, దొరలు వెళ్లిపోయినా, పూర్వీకుల ఆస్తిలా కాపాడుకుంటున్నాం. 2019లో రఫేల్ యుద్ధవిమానాల కొనుగోలు పత్రాలు పత్రికలో అచ్చయినప్పుడు, అవి రక్షణ శాఖ నుంచి చోరీ అయ్యాయని సుప్రీంకోర్టుకు చెప్పిన అటార్నీ జనరల్, రెండు రోజులకే తన ఉద్దేశం నకళ్లని వివరణ ఇచ్చారు. అసలు కాగితాలు భద్రమని తెలిసి దేశం ఊపిరి పీల్చుకుంది. వాటిలో ఏముందన్నది చిల్లర సంగతి.

రహదారి పనుల్లో అక్రమాల గురించి ప్రధాని కార్యాలయానికి రాసిన ఇంజనీరు సత్యేంద్ర దూబే, తన పేరు గోప్యంగా ఉంచమని కోరాడు. ఆ పేరు ఫైలుతో పాటు శాఖలు తిరిగింది. 2003 నవంబరులో గయలో ఆయన హత్యకు గురయ్యాడు. ఆ లీకుకు మాత్రం 1923 చట్టం గుర్తుకు రాలేదు.

ఇలాంటివారి రక్షణకు 2014లో పార్లమెంటు చట్టం చేసింది. దాన్ని ఇంతవరకు అమల్లోకి తేలేదని కొందరు గింజుకుంటున్నారు. అంత తొందర ఎవరికుందో పేర్లు రాసి పంపమనండి, గోప్యంగా ఉంచుతాం.