వెల్లకిలా పడుకున్న మూత గారికి

మహారాజశ్రీ గాజు మూత గారికి నమస్కరించి రాయునది. ఇక్కడ నేను క్షేమంగా లేను. తమరు క్షేమమే, సింకులోకి విసిరాక చూశాను, పగల్లేదు.

నిన్న తెల్లారకుండానే గుడిమల్కాపూర్ పూల మార్కెట్‌కి వెళ్లి అరకిలో నాటు గులాబీలు తెచ్చానండీ, బొకేల్లో పెట్టే పొడుగు కాడలవి కాదు, వాటికి అందం తప్ప వాసనుండదని ఆ మాత్రం నాకూ తెలుసు. పూలావిడ పూజకా అంది, పన్నీరుకి అన్నా, నవ్వింది. రేకులు, నీళ్లు పోసిన పెద్ద గిన్నె మధ్యలో పన్నీరు పట్టడానికి పెట్టిన స్టీలు గిన్నె నీళ్లు మరిగేసరికి పడవలా తేలి ఒరిగింది. సరే, బరువైన ఇత్తడి గిన్నె పెట్టా, దాన్ని క్షమించేశా.

మీ విషయానికొస్తా. మీ పనల్లా ఒక్కటే. నెత్తిన ఐసు పెట్టుకుని తిరగబడి పడుకోవడం, ఆవిరి వచ్చి తగిలితే చుక్కలై నడిమి బుడిపె మీంచి గిన్నెలోకి జారడం. కన్నౌజ్‌లో అత్తరు తీసేవాళ్లు డేగ్ అనే రాగి కాగుకి మట్టి మెత్తి, వెదురు గొట్టంతో ఆవిరిని నీళ్లతొట్టిలో కూర్చున్న భప్కా అనే పాత్రలోకి పంపిస్తారే, ఆ పనే, కాకపోతే వాళ్లకి తరాల అనుభవం, మీకు యూట్యూబ్. ఐసు కరిగినప్పుడల్లా గరిటెతో తోడి మళ్లీ వేశా, మా ట్రేలు రెండూ అయిపోయాయి, పక్కింటి వదినగారి ట్రే అయిపోయింది, చివరికి గడ్డకట్టిన పాల ప్యాకెట్ కూడా మీ నెత్తినే పెట్టా. రెండు గంటలు సిమ్‌లో పెట్టి స్టవ్ ముందే కూర్చున్నా.

అరగ్లాసు వచ్చింది, గాజులోంచి కనిపిస్తోంది. పెళ్లిళ్లలో గుమ్మం దగ్గర వెండి బుడ్డితో మొహాన చల్లేవాళ్లు చూడండి, అచ్చం ఆ వాసన.

ఎత్తాను. అంతే, నీ బొజ్జలో కరిగిన ఐసు నీళ్లన్నీ పాల ప్యాకెట్ కంపుతో సహా ఒక్క వంపులో గిన్నెలోకి! రెండు గంటలు కదలకుండా పడుకున్నదానివి, ఇంకో అర నిమిషం పడుకోలేకపోయావా? ముందు తోడెయ్యాలి కదా అంటున్నారు అందరూ, ఇప్పుడు. షాపులో సీసా కొంటే పోయేదిగా అన్నారు మావారు, ఆయనకి ఉత్తరం విడిగా రాస్తా.

పారబొయ్యలేదు, సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెట్టా. పొద్దున మొహానికి రాసుకుంటే గులాబీ ఎక్కడో దూరంగా ఉంది, దగ్గర్లో పాలున్నాయి.

ఇందాక చారు మీద నిన్నే మూతేశా. పిల్లాడు ముద్ద నోట్లో పెట్టుకుని, అమ్మా చారేంటి గులాబీ వాసనొస్తోంది అన్నాడు.