కన్సల్టెంటు గారికి జేజేలు

ఈ దేశంలో పనిచేసేవాడికి హక్కుల్లేవని గొణిగేవాళ్లు 2025 నవంబరు 21 నుంచి నోరు మూసుకోవాలి. ఆ రోజు నాలుగు లేబర్ కోడ్‌లు, అంటే కొత్త కార్మిక చట్టాలు, ఒకేసారి అమల్లోకి వచ్చాయి. ప్రతి కార్మికుడికీ అపాయింట్‌మెంట్ లెటరు, ఫిక్స్‌డ్ టర్మ్ ఉద్యోగికి ఏడాదికే గ్రాట్యుటీ. ఇంత భారం కంపెనీలు ఎలా మోస్తాయా అని నాకు దిగులేసింది. ఊరికే బెంగపడ్డాను. వాళ్ల దగ్గర కన్సల్టెంట్లున్నారు కదా!

తెలియనివారి కోసం: కన్సల్టెంటు పొద్దున తొమ్మిదింటికి మెడలో ట్యాగు వేసుకుని వస్తాడు. కంపెనీ లాప్‌టాప్ మీద మేనేజరు చెప్పిన పని చేస్తాడు. సంక్రాంతికి ఊరెళ్లాలంటే ఆ మేనేజరునే బతిమాలతాడు. అయినా ఉద్యోగి కాడు, స్వతంత్ర వృత్తి నిపుణుడు. డాక్టరు, లాయరు సరసన కుర్చీ అన్నమాట. ఆ గౌరవానికి గుర్తుగా ఫీజు చేతికి రాకముందే పది శాతం టీడీఎస్ పేరుతో పన్ను కోస్తారు. పీఎఫ్ మాత్రం పైసా కొయ్యరు, అంత పెద్ద మనసు.

జీఎస్టీ వాళ్లు ఇంకా మర్యాదస్తులు. ఏడాదికి 20 లక్షలు దాటితే చాలు, ఆయన్ని వ్యాపారిగా గుర్తించి నంబరిస్తారు. పన్ను సాధారణంగా 18 శాతం. ఇన్వాయిస్ వేశాక క్లయింటు డబ్బులిచ్చాడా, ఫోనెత్తడం మానేశాడా అనే ఇంటి గొడవల్లో వాళ్లు తలదూర్చరు. తేదీకి పన్ను కట్టేస్తే చాలు.

ఇక ఆ నాలుగింటిలో ఒకటైన సోషల్ సెక్యూరిటీ కోడ్. సంప్రదాయ యజమాని-ఉద్యోగి సంబంధానికి బయట సంపాదించుకునేవాడు గిగ్ వర్కర్ అని అందులో రాశారు. ఇంట్లో కూర్చుని అనువాదాలు, డిజైన్లు చేసుకునే ఫ్రీలాన్సరు అది చదివి “అరె, నేనే!” అని మురిసిపోతాడు. పాపం, కాస్త కిందికి చదవాలి. గిగ్ వర్కర్ల సంక్షేమ నిధికి డబ్బు కట్టాల్సింది అగ్రిగేటర్లు, అంటే యాప్‌ల ద్వారా పని ఇప్పించే కంపెనీలు. టర్నోవరులో ఒకటి నుంచి రెండు శాతం, అదీ వర్కర్లకు చెల్లించే మొత్తంలో ఐదు శాతం మించకుండా. యాప్ ఏదీ లేకుండా సొంతంగా పని వెతుక్కున్నవాడికి అగ్రిగేటర్ ఎక్కణ్నుంచి వస్తాడు?

ప్రభుత్వానికి నాదొక మనవి. ఫ్రీలాన్సరు తనకు తానే అగ్రిగేటర్‌గా నమోదయ్యే వీలు కల్పించాలి. తన టర్నోవరులోంచి రెండు శాతం తీసి తన సంక్షేమానికే జమచేసుకుంటాడు. ఆలస్యమైతే తనకే నోటీసు పంపుకుంటాడు. జ్వరమొస్తే తనకే సెలవు చీటీ రాసుకుని, పని ఒత్తిడి దృష్ట్యా తిరస్కరిస్తాడు.