పూడికకూ భూతాపానికీ తేడా తెలియాలి

భూమి ఎందుకు వేడెక్కుతోందని గోదావరి డెల్టాలో ఏ బీకాం విద్యార్థినైనా అడిగి చూడండి. ‘ఓజోన్ పొరకు చిల్లు పడింది కదండీ’ అనే జవాబు వస్తే ఆశ్చర్యపోనక్కర్లేదు. తప్పు ఆ పిల్లలది కాదు. 1991లో సుప్రీంకోర్టు గట్టిగా చెప్పిన తర్వాతే పర్యావరణ పాఠం డిగ్రీలో అన్ని గ్రూపులకూ తప్పనిసరి అయింది. చాలాచోట్ల అది పరీక్ష ముందురోజు గైడ్ తిరగేసి గట్టెక్కే పేపరుగానే మిగిలింది. బయాలజీ చదవనివాళ్లకు ఇంతకంటే ఎందుకులే అన్న ధోరణి కూడా ఉంది.

కానీ రేపు పంట రుణాలు చూసే బ్యాంకు ఉద్యోగి, బీమా ఏజెంటు, రొయ్యల కంపెనీ అకౌంటెంటు వచ్చేది ఈ గ్రూపుల నుంచే. ప్రధానంగా బొగ్గు, పెట్రోలు తగలేసినందువల్ల గాలిలో కార్బన్ డయాక్సైడ్ 280 పీపీఎం (పది లక్షల భాగాల్లో 280) నుంచి 420 దాటిందనీ, భూమి వదిలే వేడిని అదే పట్టి ఉంచుతోందనీ, ఎండలోని అతినీలలోహిత కిరణాలను అడ్డుకునే ఓజోన్ పొర కథ వేరనీ వాళ్లకు తెలియాలి. ఒక డిగ్రీ సెల్సియస్ వేడెక్కితే గాలి సుమారు 7 శాతం ఎక్కువ తేమ పట్టుకోగలదు. కురిస్తే కుంభవృష్టి ఎందుకవుతోందో అర్థం కావడానికి ఈ లెక్క చాలు.

అంతకంటే ముఖ్యమైన పాఠం ఒకటుంది. అన్నిటినీ వాతావరణ మార్పు ఖాతాలో రాసేయకూడదు. శివారు ఆయకట్టులో ఓ చేను ఉప్పెక్కిందనుకుందాం. గత శతాబ్దం మొదలు నుంచి ప్రపంచ సగటు సముద్ర మట్టం సుమారు 20 సెంటీమీటర్లు పెరిగిన మాట నిజం. ఎగువ జలాశయాల్లో ఒండ్రు ఆగిపోయి డెల్టాకు కొత్త మట్టి తగ్గిన మాటా నిజమే. పక్కన రొయ్యల చెరువు నుంచి దిగే ఊట, బోర్లతో అతిగా తోడేయడం, గుర్రపుడెక్క నిండి కదలని మురుగు డ్రెయిన్ కూడా కారణాలు కావచ్చు. పూడిక తీయించని అధికారికి భూతాపం ఇప్పుడు భలే సాకు. 2011లో కోనసీమ రైతులు సార్వా (ఖరీఫ్) మానేసి పంట విరామం ప్రకటించింది కూడా ప్రధానంగా గిట్టుబాటు కాకే.

దీన్ని బ్లాక్‌బోర్డు మీద చెబితే ఎక్కదు. తీరానికి దగ్గరి డ్రెయిన్‌లో పోటుకు ఒక సీసా, పాటుకు ఒక సీసా నీళ్లు పట్టించండి. పంటకాల్వ నీళ్లు మరో సీసాలో తెప్పించండి. సెలినిటీ (నీటిలో ఉప్పు ఎంతుందో) చూసే పరికరం ఆక్వా రైతు దగ్గర ఉండేదే, అడిగితే ఇస్తాడు. మూడు అంకెలూ పక్కపక్కన రాసుకున్న విద్యార్థికి ఉప్పు ఎటు నుంచి వస్తోందన్న ప్రశ్న దానంతటదే పుడుతుంది. ఆ లెక్క మీద కామర్స్ కుర్రాళ్లు సైన్సు వాళ్లతో సమానంగా వాదిస్తారు.

ఇదంతా జరగాలంటే ప్రశ్నపత్రం మారాలి. గ్రీన్‌హౌస్ ప్రభావాన్ని నిర్వచించమంటే బట్టీయే మిగులుతుంది. మండలంలో అయిదేళ్ల వర్షపాతం లెక్కలిచ్చి, వాతావరణం మారిందని వీటితో చెప్పగలమా అని అడగాలి. చెప్పలేం, కనీసం 30 ఏళ్ల సగటు కావాలని రాసినవారికి పూర్తి మార్కులు వేయాలి. గోదావరి జిల్లాల కాలేజీలకు పరీక్షలు పెట్టే ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయం వచ్చే విద్యాసంవత్సరం నుంచే ఇలాంటి ప్రశ్న ఒకటి తప్పనిసరి చేయవచ్చు.