పడగ్గదికి తాళం వేస్తే నేరమే

న్యూయార్క్ నగరపాలక సంస్థకి తెలుగువాళ్లందరి తరఫునా ఒక అభినందన సభ పెట్టాలని నా ప్రతిపాదన. శాలువా, మెమెంటో, వేదిక వెనక ఫ్లెక్సీ, అన్నీ పద్ధతి ప్రకారం ఉండాలి. ఎందుకంటే మనం తరతరాలుగా నోటిమాట మీద నడుపుకొస్తున్న ఒక ఆచారాన్ని వాళ్లు 2022లో చట్టంగా రాసి, దానికి లోకల్ లా 18 అని ఒక నంబరు ఇచ్చి, 2023 సెప్టెంబరు 5 నుంచి అమల్లో పెట్టారు. ఇన్నేళ్లుగా ఆచరిస్తున్న మనకి మాత్రం కనీసం ఒక జీవో తెద్దామన్న ఆలోచన రాలేదు.

చట్టం చెప్పేదేంటంటే, మీ ఇంట్లో ఎవరినైనా 30 రోజుల కన్నా తక్కువకి డబ్బు తీసుకుని ఉంచుకోవాలంటే ముందు 145 డాలర్లు కట్టి నగరం దగ్గర రిజిస్టర్ చేసుకోవాలి. అతిథి ఉన్నన్నాళ్లూ మీరు కూడా ఆ ఇంట్లోనే పడుకోవాలి. అతిథులు ఇద్దరికి మించకూడదు. అన్నిటికన్నా ముఖ్యమైన షరతు, ఇంటి లోపల ఏ గదికీ తాళం ఉండకూడదు. మీ పడగ్గదితో సహా. వచ్చినవాడు ఇల్లంతా తిరగగలగాలి, ఇంటివాళ్లూ అతనూ ఒకే కుటుంబంలా మసలాలి. మసలకపోతే 5,000 డాలర్ల దాకా జరిమానా.

ఆ ఇద్దరు అన్న లెక్క ఒక్కటి పక్కన పెడితే, ఇది అచ్చంగా మన ఇంటికి వేసవి సెలవుల్లో పెదనాన్నగారు దిగే పద్ధతి. ఆయనకి మన ఇంట్లో మూసిన తలుపంటూ ఉండదు. మన మంచం మీద కూర్చుని మన ఛార్జరుతోనే ఫోను పెట్టుకుంటారు, ఫ్రిజ్ తీసి ‘ఈ పచ్చడి ఎప్పటిదే అమ్మాయ్’ అంటారు, బీరువాలో దుప్పటి కోసం వెతుకుతూ మన జీతం స్లిప్పు చదివి ‘ఇంతేనా ఇస్తున్నారు’ అని బాధపడి, ఆ బాధని సాయంత్రానికల్లా చుట్టాలందరికీ ఫోన్లో పంచుతారు. పొరపాటున ఏదైనా గది లోపల గడియ పెట్టి ఉంటే ‘లోపల ఎవర్రా’ అని, తీసేదాకా తడతారు. న్యూయార్క్ నగరం ఎంతోమంది లాయర్లని పెట్టుకుని రాయించుకున్న ‘ఉమ్మడి గృహం’ అనే భావనకి ఆయన నిలువెత్తు రూపం. తేడా అల్లా ఆయన దగ్గర మనం డబ్బు తీసుకోం. నిజం చెప్పాలంటే వెళ్లేటప్పుడు మనమే టికెట్ తీసిస్తాం.

తాళం షరతుకి కారణం లేకపోలేదు లెండి. 1929 నాటి బహుళ నివాసాల చట్టం ఒకటుంది అక్కడ. పాత న్యూయార్క్ ఫ్లాట్లలో మంటలొస్తే దిగే ఇనుప మెట్లు చాలాచోట్ల ఏదో ఒక పడగ్గది కిటికీ బయట ఉంటాయి. ఆ గదికి తాళమేసుకుని మీరు హాయిగా నిద్రపోతే ముందు గదిలో ఉన్న టూరిస్టు గతేంటి? న్యాయమైన ప్రశ్నే. కానీ దానికి వాళ్లు కనిపెట్టిన జవాబు ఏమిటంటే, ఊరూ పేరూ తెలియని మనిషి అర్ధరాత్రి ఎప్పుడైనా మీ గదిలోకి నడిచి రాగలిగేలా ఉంచాలి, అప్పుడే అందరూ సురక్షితం. ఒక పెద్దావిడ ఒంటరిగా బ్రూక్లిన్‌లో ఉంటూ ఖాళీగా ఉన్న ఒక్క గది అద్దెకిచ్చి ఆస్తి పన్ను కట్టుకుందామనుకుంటే, ఆవిడ ముందు తన గది తాళం ఊడబీకించాలి. ఆ తర్వాత బయటికి వెళ్లే దారి బొమ్మ గీసి గోడకి అంటించాలి. ఎవరెవరు వచ్చారో ఏళ్ల తరబడి రికార్డు దాచాలి. భవన నిర్మాణ నిబంధనలు, జోనింగు, గృహ నిర్వహణ కోడు, ఇవన్నీ నాకు తెలుసు, పాటిస్తాను అని ధ్రువీకరించాలి. ఆ కోడ్‌లు పూర్తిగా అర్థమైనవాడు న్యూయార్క్‌లో గది అద్దెకిచ్చుకుని బతకాల్సిన ఖర్మ ఏముంది, గంటకి వందల డాలర్లు తీసుకుని లాయరుగిరీ చేసుకుంటాడు కదా.

అమలుకి వారం రోజుల ముందు లెక్క చూస్తే, 3,250 దరఖాస్తులు వచ్చాయి, అందులో ఆమోదం దొరికినవి 257. నాలుగు వందల పైచిలుకు ‘సరిచేసి మళ్లీ పంపండి’ అని వెనక్కి వెళ్లాయి. ఇది చదివినప్పుడు మాత్రం నాకు న్యూయార్క్ మీద ఒక్కసారిగా ఆప్యాయత పుట్టుకొచ్చింది. మన మున్సిపల్ ఆఫీసులో టౌన్ ప్లానింగ్ సెక్షన్ అమెరికాలో బ్రాంచి తెరిచిందేమో అనిపించింది.

ఇంత గట్టి చట్టం ఊరికే రాలేదని కూడా ఒప్పుకోవాలి, లేకపోతే అవతలివాళ్లకి అన్యాయం చేసినట్టవుతుంది. ఫ్లాట్లలో 30 రోజుల లోపు అద్దెలు వద్దని రాష్ట్రం 2010లోనే చట్టం చేసింది. ఎవరూ పట్టించుకోలేదు. 2016లో ప్రకటన వేసినా జరిమానా అన్నారు, మొదటిసారి 1,000 డాలర్లు, మూడోసారికి 7,500. అయినా ప్రకటనలు ఆగలేదు. 2019లో నగరం కోర్టుకెక్కిన ఒక కేసులో రియల్ ఎస్టేట్ బ్రోకర్ల బృందం ఒకటి 35 భవనాల్లో 130 ఫ్లాట్లని హోటల్ గదుల్లా తిప్పిందని ఆరోపణ. బుకింగ్ సైట్లలో ఇల్లు అద్దెకిచ్చేవాళ్ల పేరిట వంద దాకా హోస్ట్ అకౌంట్లు, దొంగ పేర్లు, మార్చేసిన చిరునామాలు, 2 కోట్ల డాలర్ల వసూళ్లు. అవతల అద్దెకి ఇల్లు దొరక్క జనం ఏడుస్తున్నారు. 2023 సర్వేలో నగరం మొత్తం మీద అద్దెకి ఖాళీగా ఉన్న ఇళ్లు 1.41 శాతం, 1968 తర్వాత అంత తక్కువ ఎప్పుడూ లేదు. అలాంటి ఊళ్లో 130 ఫ్లాట్లని సూట్‌కేసులవాళ్లకి తిప్పడం దొంగతనం కాక మరేంటి, పట్టుకోవాల్సిందే. నా బాధల్లా పట్టుకునే పద్ధతి గురించి. 130 ఫ్లాట్లవాడిని చూసి భయపడి రాసిన చట్టం కదా, వాడి దగ్గర లాయర్లున్నారు, పేర్లు మార్చుకునే విద్య ఉంది. నోటీసు చేతికి అందేది మాత్రం సొంత పేరు, సొంత చిరునామా, సొంత ఫొటో పెట్టి ‘నా దగ్గర పిల్లి కూడా ఉంది, ఇబ్బంది లేకపోతే రండి’ అని రాసుకున్న అమాయకురాలికి.

ఈ పని చూసే ఆఫీసు పేరు మేయర్ గారి ప్రత్యేక అమలు విభాగం. దీని పూర్వీకుడు 1970ల్లో టైమ్స్ స్క్వేర్ చుట్టూ ఉన్న అసాంఘిక కార్యకలాపాలని శుభ్రం చేయడానికి పుట్టిన ఆఫీసు. నకిలీ బ్రాండ్ల హ్యాండ్‌బ్యాగులు అమ్మే చోట్ల దాడులు కూడా వీళ్లే చేస్తారు. అంటే మసాజ్ పార్లర్లు, దొంగ బ్యాగులు, ఆ తర్వాత వరుసలో మీ ఇంటి వెనక గది.

కొత్త చట్టానికి ముందు వీళ్ల పని మరీ కష్టం. ఫిర్యాదు వస్తే తలుపు తట్టి అడగాలి. హోస్టులు ముందే అతిథులకి పాఠం చెప్పి ఉంచేవాళ్లు: ‘ఎవరైనా అడిగితే మా చుట్టాలమనో స్నేహితులమనో చెప్పండి, అద్దె మాట ఎత్తొద్దు.’ తలుపు తీసేవాడు హాంబర్గ్ నుంచి వచ్చిన ఆరున్నర అడుగుల మనిషి. ఇల్లేమో క్వీన్స్‌లో ఉండే మన బాబాయి ఒకాయనది అనుకుందాం, గుమ్మానికి మామిడాకుల తోరణం, లోపల సత్యనారాయణస్వామి ఫొటో. ‘మీరు ఈయనకి ఏమవుతారు?’ ‘కజిన్ అవుతానండి.’ ఇన్‌స్పెక్టరు రాసుకుని వెళ్లిపోవాలి, అంతకన్నా అడగడానికి ఆయన దగ్గర సరంజామా లేదు. ఆ ఉద్యోగంలో మన తెలుగు అత్తయ్యలు నలుగురిని వేసుకుంటే చాలు. ‘ఇంటిపేరేంటి నాయనా, అమ్మ తరఫా నాన్న తరఫా, వాళ్ల పెద్దమ్మాయి పెళ్లికి నువ్వు కనబడలేదే’ అని మూడు ప్రశ్నలు వేసేసరికి హాంబర్గ్‌వాడు పాస్‌పోర్టు కూడా చేతిలో పెట్టేవాడు.

ఇప్పుడా అవసరం లేదు. రిజిస్ట్రేషన్ నంబరు లేనిదే, జనం ఇళ్లని ఆన్‌లైన్లో రోజువారీ అద్దెకి కుదిర్చే ఎయిర్‌బీఎన్‌బీ లాంటి కంపెనీలు బుకింగ్ తీసుకోకూడదు, తీసుకుంటే వాళ్లకీ జరిమానా. ఇది నిషేధం కాక మరేమిటని ఆ కంపెనీ కోర్టుకి వెళ్లింది, 2023 ఆగస్టులో జడ్జి కేసు కొట్టేశారు. ఆ కంపెనీ కథ ఎక్కడ మొదలైందో తెలుసు కదా, 2007లో శాన్‌ఫ్రాన్సిస్కోలో అద్దె కట్టలేక ఇద్దరు కుర్రాళ్లు నేల మీద గాలి పరుపులు వేసి అతిథులని పెట్టుకున్నారు. ఆ మొదటి అతిథులు ముగ్గురు. అందులో ఒకడు మన దేశపు విద్యార్థే. న్యూయార్క్ రూలు ప్రకారం ఆ మూడోవాణ్ని రోడ్డు మీద పడుకోబెట్టాలి.

సరే, ప్రకటనలు వేలకొద్దీ పోయాయి. పోయి ఏమయ్యాయి? చాలావాటి కింద ‘కనీసం 30 రాత్రులు’ అని ఒక్క లైను మారింది, అంతే. 30 నిండితే ఈ చట్టం వర్తించదు మరి. ఇక్కడే నాకు బాగా నచ్చిన మెలిక ఉంది. న్యూయార్క్‌లో ఒక మనిషి ఒక ఇంట్లో వరసగా 30 రోజులు ఉన్నాడంటే అతన్ని కోర్టు ఆర్డరు లేకుండా వెళ్లగొట్టడానికి లేదు. అంటే 29 రోజులు ఉంచుకుంటే నగరం మీ మీద పడుతుంది. 30 రోజులు ఉంచుకుంటే అతనే మీ మీద పడతాడు. మొదటిదాంట్లో జరిమానా కట్టి బయటపడొచ్చు, రెండోదాంట్లో నెలల తరబడి కోర్టు చుట్టూ తిరగాలి, ఈలోగా అతను మీ కాఫీ మగ్గులోనే కాఫీ తాగుతుంటాడు.

హోటళ్లవాళ్లకి మాత్రం ఈ చట్టం పండగే. యజమానుల సంఘమూ, హోటల్ కార్మికుల యూనియనూ ఒకే వైపు నిలబడ్డ అరుదైన సందర్భం ఇది. జీతాల పెంపు దగ్గర కలవని చేతులు, పక్కవీధి ముసలావిడ గది దగ్గర కలిశాయి. 2024 చివర్లో ఒకటి రెండు కుటుంబాలు ఉండే చిన్న ఇళ్లవాళ్లకి కాస్త వెసులుబాటు ఇద్దామని, పడగ్గదికి తాళం వేసుకోనిద్దామని నగర సభలో బిల్లు పెడితే ముందుగా అడ్డం తిరిగినవాళ్లలో ఆ యూనియన్ ఒకటి. తాళం అనేది ఇంత రాజకీయ ప్రాధాన్యం ఉన్న వస్తువని తాళాల తయారీకి పేరుపడ్డ అలీగఢ్‌లో తెలిస్తే ఎగుమతులు పెంచుకునేవాళ్లు.

మిగతా ఊళ్లూ తక్కువ తినలేదు. పారిస్‌లో తాము కాపురముండే ఇల్లయినా ఏడాదికి 120 రాత్రులే అన్నారు, 2025 నుంచి దాన్నీ 90 చేశారు. బార్సిలోనా మేయరైతే 2028 నవంబరు నాటికి ఊళ్లో ఉన్న 10,101 టూరిస్టు ఫ్లాట్ల లైసెన్సులన్నీ రద్దు అని 2024లో ప్రకటించేశారు. ఆ వేసవిలోనే జనం రెస్టారెంట్లలో కూర్చున్న టూరిస్టుల మీద నీళ్ల తుపాకులతో కొట్టారు, అది మాత్రం ప్రభుత్వ కార్యక్రమం కాదు.

న్యూయార్క్‌లో చోటు దొరకనివాళ్లు నది దాటి జెర్సీ సిటీకి వెళ్తున్నారు. అక్కడా 2019లో ఓటింగ్ పెట్టి మరీ ఆంక్షలు తెచ్చుకున్నారు గానీ నది ఇవతలంత కఠినం కాదు. పైగా మనవాళ్ల ఇళ్లున్నాయి. 2024 జూన్ 9న లాంగ్ ఐలాండ్‌లో ఇండియా పాకిస్తాన్ మ్యాచ్ జరిగింది గుర్తుందా, మనం 119కే ఆలౌటై ఆరు పరుగులతో గెలిచింది? ఆ వారం న్యూజెర్సీ తెలుగు ఇళ్ల హాళ్లలో నేల కనబడలేదు. డల్లాస్ నుంచి వచ్చిన బావమరిది, అతని ఆఫీసు స్నేహితుడు, ఆ స్నేహితుడి రూమ్మేటు. తాళాలు లేవు, హోస్టు ఇంట్లోనే ఉన్నాడు, అందరూ ఒకే కుటుంబంలా మసిలారు, పొద్దున ఆరింటికి ఒకే బాత్రూమ్ ముందు క్యూ కట్టారు. పైసా చేతులు మారలేదు. ఈ ఆదర్శాన్ని వదిలేసి మేయర్ ఆఫీసు ఎక్కడెక్కడో వెతుకుతోంది.

హైదరాబాద్‌లో మనం ఇంకో మెట్టు ఎక్కాం. గచ్చిబౌలి, కొండాపూర్ వైపు గేటెడ్ కమ్యూనిటీల్లో రోజువారీ అద్దెల సంగతి చూసుకునేది చట్టం కాదు, అసోసియేషన్ వాట్సాప్ గ్రూపు. ‘డియర్ రెసిడెంట్స్, షార్ట్ స్టే వాళ్లకి ఫ్లాట్లు ఇవ్వరాదు, ఉల్లంఘించిన వారిపై కఠిన చర్యలు తీసుకోబడును’ అని మెసేజ్ పడుతుంది, దాని కింద పదహారు బొటనవేళ్లు. శుక్రవారం సాయంత్రం బి బ్లాక్ ముందు రెండు క్యాబులు ఆగుతాయి. తొమ్మిదిమంది, ఒక కేకు డబ్బా, ఒక బ్లూటూత్ స్పీకరు. సెక్యూరిటీ కుర్రాడు గేటు యాప్ తెరిస్తే అందులో ఉన్నవి మూడే: డెలివరీ, క్యాబ్, గెస్ట్. గెస్ట్ నొక్కుతాడు. ఫ్లాట్ ఓనరు ఫోన్లోంచి అప్రూవ్ చేస్తాడు. రాత్రి ఒంటిగంటకి పాటల మోతకి తట్టుకోలేక పైఫ్లాటు రిటైర్డ్ ఇంజినీరుగారు గ్రూపులో ‘ఇది ఎవరి ఫ్లాటు? కమిటీ ఏం చేస్తోంది?’ అని పెడతారు. కమిటీ అంతా చూసినట్టు నీలం టిక్కులు పడతాయి. జవాబు మర్నాడు పదింటికి వస్తుంది, ‘విషయం పరిశీలనలో ఉంది సార్’ అని, ట్రెజరర్ గారి నుంచి. ఫ్లాటు ఆయనదే.