నాలుగు అడుగులు వేయించి చూశాకే ఇంటికి పంపాలి

జ్వరం తగ్గింది, ఆక్సిజన్ బాగుంది, ఇక తీసుకెళ్లవచ్చన్నారు. ఇంటికొచ్చిన మర్నాటి రాత్రి మా అమ్మ స్నానాల గది గడప దగ్గర పడిపోయింది. ఆసుపత్రిలో ఉన్న 9 రోజుల్లో ఆమెను నిలబెట్టి నాలుగు అడుగులు వేయించిన వారు లేరు. డిశ్చార్జి కాగితంలో సోడియం ఎంతో రాశారు, క్రియాటినిన్ ఎంతో రాశారు. ఆమె ఒంటరిగా మంచం దిగగలదా అన్న సంగతి ఎక్కడా రాయలేదు.

వృద్ధుల డిశ్చార్జి విషయంలో నేను తప్పుపట్టేది దీన్నే. జబ్బు తగ్గిందా అని చూస్తున్నారే తప్ప మనిషి నిలబడగలదా అని చూడటం లేదు. ఆరోగ్యంగా ఉన్న వృద్ధులనే 10 రోజులు మంచం మీద ఉంచితే కాళ్ల కండ దాదాపు కిలో తగ్గిపోయిందని 2007లో అమెరికా పరిశోధకులు చూపించారు. ఇక న్యుమోనియాతో, నిద్రలేని రాత్రులతో, అరకొర తిండితో పడుకున్నవారి మాటేమిటి? ఆసుపత్రి నుంచి వచ్చిన తొలి వారాల్లో రోగి ఏ కొత్త జబ్బుకైనా తేలిగ్గా లొంగిపోతాడని హృద్రోగ నిపుణుడు హార్లన్ క్రమ్‌హోల్జ్ 2013లో రాశారు. సరిగ్గా ఆ వారాల్లోనే మనం వాళ్లను కోలుకున్నవారి కింద జమకడుతున్నాం.

పడకలు చాలడం లేదనీ, ఎక్కువ రోజులుంటే ఇన్ఫెక్షన్లు సోకుతాయనీ, పెద్దవారికి మతి స్థిమితం తప్పుతుందనీ వైద్యులు అంటారు. అదీ నిజమే. త్వరగా పంపడంపై నాకు అభ్యంతరం లేదు, ఇల్లు సిద్ధంగా ఉందో లేదో అడగకుండా పంపడంపైనే ఉంది.

మందుల సంగతి మరీ ఘోరం. అమ్మ పాత రక్తపోటు మాత్ర పెట్టెలో ఉంది, ఆసుపత్రిలో రాసిన కొత్తది చేతికిచ్చారు. అట్టల మీద పేర్లు వేరు, లోపలి మందు ఒకటే. రెండూ వేసింది నేనే. లేచి నిలబడగానే రక్తపోటు పడిపోయి కళ్లు తిరిగాయి. పాతది ఆపమని ఒక్క మాట చెప్పి ఉంటే సరిపోయేది. అందుకే సంతకం పెట్టే ముందు పట్టుబట్టండి: మా ఎదుట నడిపించండి, మెట్లెక్కించండి, ఏ మాత్ర ఆపాలో కాగితం మీద రాయండి, రాత్రి ఎవరికి ఫోను చేయాలో చెప్పండి. ఇంట్లో చూసుకునేవారు లేకపోతే ఆ సంగతి కేస్ షీటులో రాయించండి. అమెరికాలో మెడికేర్ (ముఖ్యంగా వృద్ధుల కోసం ప్రభుత్వం నడిపే ఆరోగ్య బీమా) రోగులకు డిశ్చార్జిపై అప్పీలు చేసుకునే హక్కు ఉంది. అది ప్రతిచోటా ఉండాలి.

ఇంత తొందర ఎందుకంటే డబ్బు లెక్క. 1983లో మెడికేర్ అయిన ఖర్చును బట్టి చెల్లించే పద్ధతి పక్కనపెట్టి, జబ్బును బట్టి ఆసుపత్రికి ఇంత అని ముందే ఖరారు చేసిన మొత్తం చెల్లించడం మొదలుపెట్టింది. అప్పటి నుంచి తగ్గిన ప్రతి రోజూ ఆసుపత్రికి ఆదా. మెడికేర్ రోగుల్లో దాదాపు ఐదుగురిలో ఒకరు 30 రోజుల్లోనే మళ్లీ చేరుతున్నారని 2009లో ప్రచురితమైన అధ్యయనం తేల్చింది. ఆసుపత్రి వదిలించుకున్న ఆ రోజు ఎక్కడికీ పోదు, ఎవరో ఒక కూతురి మీదో కోడలి మీదో పడుతుంది. రెండు గంటలకోసారి పక్కకు తిప్పి పడుకోబెట్టడం, మూత్రపు గొట్టం సంచి ఖాళీ చేయడం, ఉద్యోగానికి సెలవు పెట్టడం: ఈ చాకిరీని ఏ బిల్లులోనూ చూపరు. నర్సు చేస్తే జీతమిచ్చే పనిని ఇంటి ఆడవాళ్లతో ఊరికే చేయించుకుంటున్నారు. ఆ గంటలకు ప్రభుత్వాలు భత్యం ఇవ్వాలి, అంతవరకు డిశ్చార్జి వల్ల ఖర్చు తగ్గిందన్న మాటను నేను ఒప్పుకోను.

తుంటి ఎముక విరిగి అమ్మ ఆరో రోజున మళ్లీ అదే ఆసుపత్రిలో చేరింది. దాన్ని కొత్త కేసుగా రాసుకున్నారు. మొదటి డిశ్చార్జి ప్రస్తావన ఆ కాగితాల్లో ఒక్క ముక్క కూడా లేదు.